పెన్‌డ్రైవ్ మీద లినక్స్ నడుపుతున్న మేనకోడలికి

అమ్మలూ,

ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ పోయిందనీ, కొత్తది కొనేదాకా పెన్‌డ్రైవ్ మీదే డెబియన్ లైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) నడుపుకుంటావనీ మీ అమ్మ చెప్పింది. మంచి పనే, సెమిస్టర్ గట్టెక్కుతుంది. నీ ప్రాజెక్టు మాత్రం ఆ పెన్‌డ్రైవ్‌లో పెట్టకు. దాన్ని సిస్టమ్‌కే వదిలేసి, పనికి ఇంకోటి కొనుక్కో.

ఎందుకంటే, లైవ్ సిస్టమ్ ఫైళ్లన్నీ స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే ఒకే ముద్దలో ఉంటాయి. చదవడమే తప్ప అందులో రాయడానికి వీల్లేదు. నువ్వు చేసే ప్రతి మార్పూ దాని పైన ఇంకో పొరలోకి వెళ్తుంది. పర్సిస్టెన్స్, అంటే మార్పుల్ని డ్రైవ్‌లో దాచుకునే ఏర్పాటు, లేకపోతే ఆ పొర ర్యామ్‌లో ఉండి, ఆపగానే పోతుంది. ఉంటే డ్రైవ్‌లో దానికోసం విడదీసిన భాగంలో, అంటే పార్టిషన్‌లో, నిలుస్తుంది. అందుకే ముందే ఉన్న లిబ్రేఆఫీస్ తీసేసినా చోటు ఖాళీ అవదు. మొత్తం అప్‌గ్రేడ్ కొడితే పాతవి కింద అలాగే ఉండి, కొత్తవి పైన చేరి పార్టిషన్ నిండిపోతుంది. సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్ కొత్తది దించినా బూట్ అయ్యేది ఐఎస్‌ఓలోని (పెన్‌డ్రైవ్ మీద రాసిన సిస్టమ్ ఫైల్‌లోని) పాతదే. కావలసిన ప్యాకేజీలు వేసుకుని, ఫైర్‌ఫాక్స్ మాత్రం అప్‌డేట్ చేస్తూ ఉండు. కొత్త ఐఎస్‌ఓ వచ్చినప్పుడు మొదటి నుంచి రాసుకో. పని వేరే డ్రైవ్‌లో ఉంటే అప్పుడు ఏ టెన్షనూ ఉండదు.

పెన్‌డ్రైవ్ మీద ఐఎస్‌ఓ రాసే విండోస్ ప్రోగ్రామ్ రూఫస్‌తో రాస్తే పర్సిస్టెంట్ పార్టిషన్ స్లైడర్ జరిపితే చాలు. చేత్తో చేసుకుంటే మూడు కావాలి: 'పర్సిస్టెన్స్' అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో లేబుల్ పెట్టిన ఈఎక్స్‌టీ4 (లినక్స్ వాడే ఫార్మాట్) పార్టిషన్, అందులో 'పర్సిస్టెన్స్ డాట్ కాన్ఫ్' ఫైల్‌లో 'స్లాష్, స్పేస్, యూనియన్' అన్న ఒక్క లైను, బూట్ మెనూలో కెర్నల్‌కి ఇచ్చే బూట్ లైన్ చివర మళ్లీ అదే 'పర్సిస్టెన్స్' మాట. ఒక్కటి తప్పినా మామూలు లైవ్‌లాగే లేస్తుంది, తప్పు ఎక్కడుందో చెప్పదు. అందుకని ముందు డెస్క్‌టాప్ మీద ఖాళీ ఫైల్ ఒకటి పెట్టి, రీస్టార్ట్ చేసి, అది ఉందో లేదో చూసుకో.

బ్రౌజర్ క్యాష్ ఊరికే రాస్తూనే ఉంటుంది, దాంతో అంతా నత్తనడక అవుతుంది. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో about:config కొట్టి, browser.cache.disk.enable ని false చేసి డిస్క్ క్యాష్ ఆపేసెయ్.

నీ బ్యాటరీ కూడా పోయిందటగా. వైజాగ్‌లో అక్టోబరు, నవంబరు తుఫాన్ల రోజులు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి, కరెంటు లేక ఊరంతా ఎంత అల్లాడిందో నీకు గుర్తుండదు. గాలివాన మొదలైతే ఫైళ్లు సేవ్ చేసి, టెర్మినల్‌లో 'సింక్' (ఇంకా రాయనిదంతా డ్రైవ్‌లోకి రాసే కమాండ్) కొట్టి, షట్‌డౌన్ చేసెయ్. నడుస్తుండగా డ్రైవ్ లాగకు. మధ్యలో కరెంటు పోయి సిస్టమ్ మొరాయిస్తే, ఆ పర్సిస్టెన్స్ మాట తీసేసి బూట్ చేసి, డ్రైవ్‌లు, పార్టిషన్ల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో పార్టిషన్ పేరు చూసి, దాన్ని మౌంట్ చేయకుండా (తెరవకుండా) ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడుపు. చాలాసార్లు అదే బాగుచేస్తుంది.

ఇంకొకటి. డెబియన్ లైవ్ పాస్‌వర్డ్ లోకమంతటికీ తెలుసు. మద్దిలపాలెం బస్సులో ఆ డ్రైవ్ జారిపోతే దొరికినవాళ్లు అన్నీ చదువుకోవచ్చు. బ్యాంకు పాస్‌వర్డ్ బ్రౌజర్‌లో దాచకు. ఆదివారం గాజువాక వచ్చేటప్పుడు రెండు డ్రైవ్‌లూ తీసుకురా, పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేకుండా డ్రైవ్‌ని తాళం వేసే లక్స్ ఎన్‌క్రిప్షన్ ఎలా పెట్టాలో కూర్చుని చూపిస్తాను.

మావయ్య