సమాధానం: తొపానె గ్యాలరీలో ప్రారంభోత్సవానికి వైన్ పెట్టాలా?

ఇస్తాంబుల్ తొపానెలో బొమ్మల ప్రదర్శన, 80 మంది అతిథులు, వైన్ పెట్టాలా వద్దా అన్నది మీ ప్రశ్న. పెట్టొచ్చు, గడప దాటనివ్వకండి.

2010 సెప్టెంబర్ 21న అదే పేటలో, ప్రారంభోత్సవాల రాత్రి గ్యాలరీల మీద కర్రలతో దాడి జరిగింది, పలువురు గాయపడ్డారు. వీధిలో గ్లాసులతో నిలబడ్డ గుంపు మీద కోపమని కొందరన్నారు, పెరుగుతున్న అద్దెలకు పాతవాసులు వెళ్లిపోవాల్సి వస్తోందన్న మంట అని మరికొందరు. నా దృష్టిలో రెండూ నిజమే. అప్పటికే లోపల పొగతాగడం నిషేధించారు కాబట్టి సిగరెట్ కోసం బయటికొచ్చేవాళ్ల చేతిలో గ్లాసూ వస్తుంది. అసలు చిక్కు అక్కడే. తలుపు దగ్గర ఒక బల్ల వేసి, గ్లాసు అక్కడ పెట్టాకే బయటికి పంపే మనిషిని నిలబెట్టండి.

స్పాన్సర్ సంగతి మరీ ముఖ్యం. 2013 చట్టం ప్రకారం మద్యం కంపెనీలు తమ బ్రాండ్ పేరుతో, గుర్తుతో ఏ కార్యక్రమానికీ అండగా ఉండకూడదు. ఆహ్వానపత్రంలో లోగో వేయకండి. దుకాణాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అమ్మకం ఉండదు, ముందే కొనిపెట్టుకోండి. అమ్మాలంటే లైసెన్స్ కావాలి.

దానిమ్మ షర్బత్ 32 లీటర్లు చేయించండి, తలకి 200 మిల్లీలీటర్ల చొప్పున రెండు గ్లాసులు. దాన్ని వైన్ కంటే ముందు వరసలో పెట్టి, పక్కింటివాళ్లని పేరుపేరునా పిలవండి. రంజాన్ నెలైతే వైన్ మానేయండి.