వదినకి గుర్తుందా? ఎంపికల కథల్లో బంధాల మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఎంపికలతో సాగే కథలు తయారుచేసే ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక కథ రాస్తున్నాను. కోనసీమలో కొబ్బరితోట పంపకం, ఆడేవాళ్లు తమ్ముడి పాత్రలో ఉంటారు. అన్నకీ వదినకీ చెరొక ‘ప్రేమ’ వేరియబుల్ (కథ గుర్తుంచుకునే విలువ) పెట్టి, మంచి ఎంపికకి 10 కలుపుతూ, చెడ్డదానికి 10 తీస్తూ పోయాను. చదివినవాళ్లు ‘మనుషుల్లా లేరు, మార్కుల పట్టికలా ఉంది’ అంటున్నారు. తప్పెక్కడ?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: కలపడంలో తప్పు లేదు, అన్నీ ఒకే డబ్బాలో వేయడంలోనే ఉంది. అన్న తమ్ముణ్ణి ప్రాణంగా చూసుకుంటూనే డబ్బు దగ్గర నమ్మకపోవచ్చు. వదినకి మరిది మీద పెద్ద ఆపేక్ష లేకపోయినా, మాట ఇస్తే తప్పడన్న గురి ఉండొచ్చు. ఆపేక్ష 80, నమ్మకం 20 ఉన్న అన్న. ఆపేక్ష 20, నమ్మకం 80 ఉన్న వదిన. మీ లెక్కలో ఇద్దరూ 50 దగ్గరే తేలతారు. అందుకని ఒక్కో పాత్రకి ఆపేక్ష, నమ్మకం అని రెండు వేరియబుల్స్ పెట్టండి. మూడోది కూడా పెడదామనిపిస్తుంది. దాని వల్ల కథలో కనీసం మూడు చోట్ల మాట మారుతుందంటేనే పెట్టండి.

అంకెలకన్నా సంఘటనలు ముఖ్యం. ‘కొలతల రోజు అన్న పక్కన నిలబడ్డాడా’, ‘వదిన గాజులు తాకట్టులో ఉన్న సంగతి నలుగురిలో ఎత్తాడా’ లాంటివి అవును, కాదు అని విడిగా దాచండి. కోపంలో ఉన్న వదిన ‘నీ మీద నమ్మకం 35’ అనదు కదా, ‘ఆ రోజు నా గాజుల సంగతి ఎత్తింది నువ్వే’ అంటుంది. ప్రతి పెద్ద ఎంపికనీ రెండుసార్లు గుర్తుచేయండి. మొదటిసారి వెంటనే, చిన్నగా: కాఫీ గ్లాసు చేతికివ్వకుండా గట్టు మీద పెట్టి వెళ్లిపోవడం చాలు. రెండోసారి చాలా తర్వాత, ఆడేవాళ్లు సగం మరిచిపోయాక.

ఎక్కువమంది జారేది ఇక్కడే. వేరియబుల్ సెట్ చేస్తారు, మళ్లీ ఎక్కడా అడగరు. కథ మొత్తంలో ఆ పేరు వెతకండి. వచ్చినవన్నీ ‘సెట్’లే అయి ఒక్క ‘ఇఫ్’ (విలువ చూసి దారి మార్చే షరతు) కూడా లేకపోతే అది చచ్చిన ఎంపిక. ఇంకొకటి: డాలర్ గుర్తుతో మొదలయ్యే వేరియబుల్ కథంతా నిలుస్తుంది, అండర్‌స్కోర్‌తో మొదలయ్యేది ఆ పాసేజ్ (కథలో ఒకసారికి తెర మీద కనిపించే ముక్క) దాటితే ఉండదు. ‘వదిన మరిచిపోయింది’ అనే ఫిర్యాదు వస్తే ముందు ఆ గుర్తు చూసుకోండి. వేరియబుల్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టుకోండి, ట్వైన్ కథల్ని నడిపే ఫార్మాట్లలో ఒకటైన షుగర్‌క్యూబ్ తెలుగు అక్షరాలని ఒప్పుకోదు.

కానుకల జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్లండి. 2009లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ అనే వీడియో గేమ్‌లో ఆడేవాళ్ల మీద తోటి పాత్రల అభిప్రాయం మైనస్ 100 నుంచి ప్లస్ 100 దాకా ఉండేది, కానుకలిస్తే పెరిగేది. నోటికొచ్చినట్టు మాట్లాడి, ఆనక ఒక వస్తువు చేతిలో పెట్టి సరిచేసుకోవచ్చన్నమాట. 2011లో వచ్చిన రెండో భాగంలో దీన్ని స్నేహం, పోటీ అనే రెండు కొసలుగా మార్చారు. ఎదురు నిలిచినా బంధం ముదురుతుంది, తెగిపోనక్కర్లేదు. మీ కథకి పనికొచ్చేది ఈ రెండో పద్ధతే. తోట అమ్మొద్దని అన్నతో పోట్లాడితే ఆపేక్ష 5 తగ్గి, నమ్మకం 15 పెరగనివ్వండి.

ప్రశ్న: ప్రతి ఎంపికకీ కథ చీలుతోంది. పది ఎంపికలు అనుకున్నాను, నాలుగో దాని దగ్గరే చేతులెత్తేశాను.
– పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఎత్తేయక తప్పదు. రెండేసి దారులతో పది ఎంపికలు కలపకుండా రాస్తే 1024 ముగింపులు, మొత్తం 2047 పాసేజ్‌లు. పాసేజ్‌కి 150 మాటలైనా మూడు లక్షలు దాటుతుంది. చీలిన దారుల్ని రెండు మూడు పాసేజ్‌లలో మళ్లీ కలపండి. ఎలాగూ అందరికీ జరిగి తీరే ఘట్టాలు ఉంటాయి: పెళ్లి, కర్మ, రిజిస్ట్రేషన్ రోజు. కలిసిన చోట జరిగేది ఒకటే అయినా, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరు ముందు నోరు విప్పారు అన్నది మారాలి. 200 మాటల సన్నివేశంలో 40 మారితే సరిపోతుంది. ఇలాంటి కథలు రాసే ఇంక్ అనే భాషలో ఈ కలపడానికి ‘గ్యాదర్’ అనే సదుపాయమే ఉంది, లైను మొదట్లో ఒక అడ్డగీత పెడితే పని అయిపోతుంది. అసలైన చీలికలు చివరి పాతిక భాగానికి దాచుకోండి.

ప్రశ్న: ఎంపికల కథలు రాసే ఛాయిస్‌స్క్రిప్ట్ అనే భాషలో రాస్తున్నాను. నమ్మకం 50తో మొదలవుతుంది. నాలుగు మంచి పనులకి, శాతం గుర్తు వాడి, 20 చొప్పున కలిపాను. 80 దాటితే తెరుచుకోవాల్సిన సన్నివేశం ఎవరికీ తెరుచుకోవడం లేదు.
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ శాతం గుర్తు ‘ఫెయిర్‌మ్యాత్’ది. అది 20 కలపదు, 100కి ఇంకా ఎంత దూరముందో అందులో 20 శాతం కలుపుతుంది. దశాంశాలు వదిలేస్తే 50, 60, 68, 74, 79. నాలుగూ సరిగ్గా చేసినవాళ్లు కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయారు. మూడు మంచి పనులు చేసినవాళ్లని లోపలికి రానివ్వాలంటే హద్దు 70 దగ్గర పెట్టండి. మధ్యలో ఏదైనా సన్నివేశం కత్తిరించినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి. మరిచిపోయేది దాన్నే.

తీసివేతలో ఉన్నదాంట్లో 20 శాతం పోతుంది, దశాంశం మిగిలితే పై అంకెకి సరిచేస్తుంది. 79 నుంచి 64కి పడుతుంది, 20 నుంచి 16కే. గట్టిగా నమ్మినవాళ్లకే దెబ్బ ఎక్కువ తగులుతుంది, అది సబబే. వరస కూడా లెక్కలోకి వస్తుంది. మూడు మంచి పనుల తర్వాత ఒక ద్రోహం చేస్తే 60. అదే ద్రోహం మొదట చేసి తర్వాత మూడు మంచి పనులు చేస్తే 68. రాసేటప్పుడు దీన్ని వాడుకోండి.

విడుదలకి ముందు ఛాయిస్‌స్క్రిప్ట్‌లోనే ఉన్న పరీక్షలు, క్విక్‌టెస్ట్, ఆ తర్వాత ర్యాండమ్‌టెస్ట్ నడపండి. రెండోదాన్ని పదివేల సార్లు నడిపినా ఒక్కసారీ తగలని లైను కనిపిస్తే అక్కడ ఆగి చూడండి. అది గుడ్డిగా ఎంచుకుంటుంది కాబట్టి హద్దు ఎత్తుగా ఉన్న చోట అంకె తక్కువ రావడం మామూలే. సున్నా వస్తేనే అనుమానించాలి.

ప్రశ్న: ఇంగ్లిష్‌లో రాసిన నా ఆటనే తెలుగు చేస్తున్నాను. పేరు, లింగం ఆడేవాళ్లే ఎంచుకుంటారు. ప్రతి వాక్యంలోనూ ఏదో ఒకటి విరుగుతోంది.
– పాఠకురాలు, డాలస్

జవాబు: ఒక సంగతి మీకు కలిసొస్తుంది. ‘నువ్వు వచ్చావు’, ‘నేను వచ్చాను’లలో లింగం లేదు. నడిపే కథనం ‘నువ్వు’తో రాస్తే సగం తలనొప్పి పోతుంది. ఇతరులు ఆ పాత్ర గురించి చెప్పుకునేటప్పుడే ‘వచ్చాడు’, ‘వచ్చింది’ కావాలి. వరసలు మాత్రం పూర్తిగా మారిపోతాయి. వదినకి మగవాడైతే మరిది, ఆడదైతే ఆడపడుచు. ఆ రెండు బంధాల్లో చనువూ వేరు, పోట్లాటా వేరు. ఒక్క మాట మార్చి సరిపెట్టకండి, ముఖ్యమైన సన్నివేశాలు రెండుసార్లు రాయండి.

పేరుకి విభక్తి తగిలించే చోట చూసుకోండి. ‘కిరణ్’ పక్కన నేరుగా ‘తో’ పెడితే ‘కిరణ్తో’ అని ఒత్తు పడుతుంది. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (కంటికి కనపడకుండా అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) పెడితే ‘కిరణ్‌తో’ అవుతుంది. అచ్చుతో ముగిసే పేర్లకి దానివల్ల నష్టం లేదు. ‘రాముడు’ అని టైప్ చేసినవాళ్లకి ‘రాముడుతో’ వస్తుంది, ‘రాముడితో’ రాదు. పిలుపులో రాధ ‘రాధా’ కావాలి. అందుకే పిలవడానికి పేరు కాకుండా వరస వాడమంటాం.

ఇంగ్లిష్‌లో దొరకని సాధనం ఒకటి మీ చేతిలో ఉంది. నువ్వు, మీరు. దానికొక వేరియబుల్ పెట్టండి. ‘కూర్చో వదినా’, ‘కూర్చోండి వదినా’ అనే రెండు ఎంపికలు పక్కపక్కన పెడితే చాలు, వివరణ అక్కర్లేదు. ఇన్నాళ్లూ ‘నువ్వు’ అన్న మనిషి ఒక పూట ‘మీ ఇష్టమండీ’ అన్నాడంటే నమ్మకం ఎంత పడిందో అంకె చూపించనక్కర్లేదు. సర్వనామం ఒక్కటే మార్చే మూస పెట్టకండి: వచ్చావా, వచ్చారా, నీకు, మీకు, చెప్పు, చెప్పండి. వాక్యం వాక్యమే రెండు రకాలుగా రాసి ఉంచుకోండి.

ప్రశ్న: రెన్‌పై అనే గేమ్ తయారీ సాధనంలో రాసిన నా ఆటని సేవ్ చేసి మళ్లీ తెరిస్తే అన్న ఆపేక్ష మొదటి అంకెకి వచ్చేస్తోంది.
– పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ వేరియబుల్‌ని ‘డిఫైన్’తో రాసి ఉంటారు. అది మారని వాటికి. మారేవాటిని ‘డిఫాల్ట్’తో ప్రకటించండి.

ప్రశ్న: బంధాల అంకెలు తెర మీద చూపించాలా?
– పాఠకురాలు, తిరుపతి

జవాబు: చూపిస్తే ఆడేవాళ్లు అన్నతో మాట్లాడరు, అంకెతో మాట్లాడతారు. పూర్తిగా దాచేస్తే ఎంపికకి ఫలితం లేదనుకుంటారు. 2012లో టెల్‌టేల్ వాళ్ల గేమ్ ది వాకింగ్ డెడ్ ‘ఫలానా వ్యక్తి ఇది గుర్తుంచుకుంటాడు’ అని తెర మీద వేసి ఊరుకునేది, ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో చెప్పేది కాదు. అయితే ఆ మాట వేసిన ప్రతిచోటా తర్వాత నిజంగా గుర్తుచేయాలి, లేదంటే మూడోసారికి ఎవరూ నమ్మరు. మా ఓటు మాటలకే: ‘అన్న ముభావంగా ఉన్నాడు’, ‘వదిన నీతో లెక్కలు మాట్లాడుతోంది’ అని నాలుగైదు మెట్లు రాసుకుని, మెట్టు మారినప్పుడు మాత్రమే చూపించండి.