విండోసా, మ్యాకా, లినక్సా? ముందు మీ అమ్మాయి చేయబోయే పని చూడండి

ప్రశ్న: మా అమ్మాయి కామర్స్ డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. డేటా అనలిస్ట్ అవ్వాలని ఉంది. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. విండోస్ 11కి పనికిరాదని చూపిస్తోంది. కొత్తది కొందామంటే అమ్మాయి మ్యాకే కావాలంటోంది. మా తమ్ముడేమో ‘‘కొనక్కర్లేదక్కా, పాతదాంట్లోనే లినక్స్ వేసేద్దాం’’ అంటున్నాడు. ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కి అలవాటు పడితే ఉద్యోగానికి మంచిది? రెజ్యూమేలో దాని గురించి రాయాలా?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చదువుకీ, ఆమె అనుకుంటున్న ఉద్యోగానికీ సరిపోయేది విండోస్ ల్యాప్‌టాప్. కొనగలిగితే అదే కొనండి. అలాగని మీ తమ్ముడు గారి మాట తీసిపారేయకండి. ఆ పాత ల్యాప్‌టాప్‌తో చాలా పని ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇంటర్నెట్ చూడటం, మెయిల్ పంపడం, వీడియో కాల్‌లో క్లాసు వినడం, నోట్సు టైప్ చేసుకోవడం లాంటి రోజువారీ పనులకు మూడూ సరిపోతాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ ఉన్నాయి. లెటర్లు, పట్టికలు తయారు చేసుకునే లిబ్రేఆఫీస్ ఉచితంగా మూడింటిలోనూ నడుస్తుంది. ఈ పనుల వరకే అయితే ఏది కొన్నా ఒకటే. తేడా అంతా ఒకే ఒక్క చోట వస్తుంది. చదువులోనో ఉద్యోగంలోనో తప్పనిసరిగా వాడాల్సిన ఒక సాఫ్ట్‌వేర్ మీ సిస్టమ్ మీద నడవకపోతే, మిగతా సుఖాలన్నీ ఉన్నా లాభం లేదు. అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు ముందు చెప్పేది, మూడు నాలుగేళ్లలో వాడబోయే సాఫ్ట్‌వేర్ల జాబితా రాసుకోమని. కాలేజీలో సీనియర్లను అడిగితే ఆ జాబితా ఒక్క పూటలో తయారవుతుంది.

మీ అమ్మాయి జాబితాలో ఏముంటాయో చూద్దాం. డేటా అనలిస్ట్ ఉద్యోగ ప్రకటనల్లో తరచుగా కనిపించే పవర్ బీఐ డెస్క్‌టాప్ (డేటాని చార్టులు, రిపోర్టులుగా మార్చే సాఫ్ట్‌వేర్) విండోస్‌లో మాత్రమే ఉంది. కామర్స్ వాళ్లకు తప్పని అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ కూడా విండోస్ కోసం చేసిందే. ‘ఎక్సెల్ మ్యాక్‌లోనూ ఉందిగా’ అని అమ్మాయి అనొచ్చు. ఉంది, మామూలు పట్టికలకూ ఫార్ములాలకూ చక్కగా పనిచేస్తుంది. కానీ పెద్ద పట్టికలను ఒకదానితో ఒకటి కలిపి విశ్లేషించే పవర్ పివట్ మ్యాక్ ఎక్సెల్‌లో లేదు. యాక్సెస్ డేటాబేస్ అసలు మ్యాక్‌కే రాలేదు. డేటా పనికి వాడే ప్రోగ్రామింగ్ భాషలు పైథాన్, ఆర్, ఎస్‌క్యూఎల్ మాత్రం మూడింటిలోనూ నడుస్తాయి కాబట్టి వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు.

మ్యాక్ లోపలే మరో కిటికీలా విండోస్ నడిపించే సాఫ్ట్‌వేర్లు ఉన్న మాట నిజమే. అయితే ఇప్పటి మ్యాక్‌లలో ఆర్మ్ రకం ప్రాసెసర్ (ఇంటెల్, ఏఎండీ రకానికి వేరైనది) ఉంటుంది కాబట్టి అందులో నడిచేది మామూలు విండోస్ కాదు, ఆర్మ్ కోసం చేసిన విండోస్. పాత మ్యాక్‌లలో విండోస్‌ని విడిగా వేసుకోవడానికి ఉన్న బూట్ క్యాంప్ సదుపాయం వీటిలో లేదు. మెమరీని (ర్యామ్‌ని) రెండు సిస్టమ్‌లూ పంచుకోవాలి, ఏదైనా మొరాయిస్తే తప్పు ఎక్కడుందో రెండు చోట్లా వెతకాలి. అనుభవం ఉన్నవాళ్లకు అది పెద్ద సమస్య కాదు. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టే అమ్మాయికి ఆ అదనపు భారం ఎందుకు?

ఇదంతా చదివి మ్యాక్ బాగాలేదని అనుకోకండి. 2020 నవంబర్‌లో ఎం1 చిప్ వచ్చినప్పటి నుంచి మ్యాక్ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ, వేగం నిజంగా మెచ్చుకోదగ్గవి. మీ అమ్మాయి ఐఫోన్ యాప్‌లు తయారు చేయాలనుకుంటే మ్యాకే కొనమనేవాడిని, ఎందుకంటే అందుకు కావాల్సిన ఎక్స్‌కోడ్ ఇంకెక్కడా నడవదు. ఫైనల్ కట్ ప్రోలో వీడియో ఎడిటింగ్, లాజిక్ ప్రోలో సంగీతం చేసేవాళ్లదీ అదే దారి. కోడింగ్ చేసేవాళ్లలో చాలామంది మ్యాక్‌ని ఇష్టపడటానికి కూడా కారణం ఉంది. దాని పునాది యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్‌దీ అదే పద్ధతి, కాబట్టి సర్వర్ల మీద వాడే కమాండ్లలో చాలా భాగం అలాగే పనిచేస్తాయి. ఎవరు కొన్నా ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ ల్యాప్‌టాప్‌లలో మెమరీ తర్వాత పెంచుకునే వీలు లేదు, కొనేటప్పుడే సరిపడా తీసుకోవాలి.

ఈ జవాబు చదివే ఇంజినీరింగ్ పిల్లల కోసం ఒక మాట: డిజైన్ సాఫ్ట్‌వేర్లు సాలిడ్‌వర్క్స్, రెవిట్ విండోస్‌లోనే నడుస్తాయి. మెకానికల్, సివిల్ వాళ్లకు దాంతో సందేహం తీరిపోతుంది.

ఇక మీ తమ్ముడు గారి లినక్స్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. ల్యాప్‌టాప్ ఆ రోజుతో ఆగిపోలేదు, నడుస్తూనే ఉంటుంది. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మామూలుగా వచ్చే అప్‌డేట్లు ఆగిపోయాయి. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరితే కొంతకాలం గడుస్తుంది, అంతే. అలాంటి మెషిన్ మీద బ్యాంకు పనులు చేయడం నాకు ఇష్టం లేదు. అయితే విండోస్ 11 ఎందుకు కుదరదంటోందో ఒకసారి చూడండి. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, సెక్యూర్ బూట్, మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసర్ కావాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (విండోస్ మొదలవక ముందే తెరుచుకునే సెట్టింగుల్లో) ఆపేసి ఉంటుంది. అది ఆన్ చేస్తే చాలు. ప్రాసెసరే పాతదైతే లినక్స్ వేసుకోవడం మంచి ఆలోచన.

లినక్స్ అనగానే నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలని భయపడతారు. ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి చూస్తే ఆ భయం పోతుంది. మింట్‌లో మెనూ, కింద టాస్క్‌బార్ విండోస్ వాడినవాళ్లకు పరిచయం ఉన్నట్టే ఉంటాయి. ఉబుంటులో దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్లు రెండేళ్లకొకటి వస్తాయి, ఒక్కోదానికి ఐదేళ్లు ఉచితంగా అప్‌డేట్లు అందుతాయి. ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు, హార్డ్ డిస్క్‌ని ముట్టుకోనక్కర్లేదు. అలా నడిపినప్పుడు వైఫై, సౌండు, కెమెరా, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించండి. అక్కడ పనిచేస్తే ఇన్‌స్టాల్ చేశాక కూడా దాదాపుగా పనిచేస్తాయి.

లోటు ఎక్కడుందో కూడా చెప్పాలి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్, ఫొటోషాప్ లినక్స్‌కి లేవు. ఆన్‌లైన్ పరీక్షల్లో స్క్రీన్‌ని లాక్ చేసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి విండోస్ గానీ మ్యాక్ గానీ కావాలి. పరీక్ష రోజు పొద్దున ఈ సంగతి తెలిస్తే ఆ పిల్ల పరిస్థితి ఏమిటి? అందుకే మీ అమ్మాయికి ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ లినక్స్‌ది కావడం నాకు ఇష్టం లేదు. కొత్తది ఇప్పుడే కొనలేని పరిస్థితి అయితే మాత్రం లినక్స్ వేసి, ఎక్సెల్‌ని బ్రౌజర్‌లో వాడుకుంటూ, పవర్ బీఐ కోసం కాలేజీ ల్యాబ్‌కి వెళ్లమనండి. ఒక ఏడాది అలా నెట్టుకురావచ్చు.

కొత్తది కొన్నా సరే, పాతదాంట్లో లినక్స్ వేయించమనే అంటాను. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచి అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది కూడా లినక్స్ కెర్నలే, అంటే దాని మూల భాగమే. రేపు మీ అమ్మాయి పనిచేసే డేటాబేస్ ఉండే సర్వర్ లినక్స్‌దే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. చిన్న ఉదాహరణ చూడండి. విండోస్‌లో ‘ఎస్’ పెద్ద అక్షరంతో రాసిన సేల్స్ ఫైల్, చిన్న అక్షరంతో రాసిన సేల్స్ ఫైల్ మామూలుగా ఒకటే. లినక్స్‌లో అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద చక్కగా నడిచిన ప్రోగ్రామ్ సర్వర్ మీద ‘ఫైల్ లేదు’ అంటే, కారణం తెలియని పిల్లలు గంటల తరబడి కూర్చుంటారు. పాత మెషిన్ మీద ఒకసారి ఈ ఇబ్బంది పడిన అమ్మాయి ఉద్యోగంలో రెండు నిమిషాల్లో పట్టేస్తుంది. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ అనే సదుపాయం కూడా ఉంది, అయితే చెడగొట్టుకుంటూ నేర్చుకోవడానికి విడిగా ఒక మెషిన్ ఉండటమే నాకు నచ్చుతుంది.

ఈ మూడింటిలో ఏది ఎంచుకుంటారన్నదానికంటే నాకు ఎక్కువ బెంగ పెట్టే విషయం ఇంకొకటి ఉంది. ఫోన్ మీదే పెరిగిన పిల్లల్లో చాలామందికి డౌన్‌లోడ్ చేసిన ఫైల్ ఏ ఫోల్డర్‌లోకి వెళ్లిందో తెలియదు. జిప్ ఫైల్ విప్పకుండానే అందులో మార్పులు చేసి, సేవ్ కాలేదని కంగారు పడతారు. బ్యాకప్ మాట ఎత్తితే అన్నీ వాట్సాప్‌లో ఉన్నాయంటారు. ఫోల్డర్లు, ఫైల్ రకాలు, ఎవరికి ఏ అనుమతి ఉంది, బ్యాకప్, అప్‌డేట్: ఈ ఐదూ ఒక సిస్టమ్‌లో బాగా తెలిస్తే రెండోదానికి కొద్ది రోజుల్లో అలవాటు పడతారు. చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్ తామే ఇస్తాయి, అది ఏదవుతుందో ముందే చెప్పలేం. కంట్రోల్ మీటకు బదులు కమాండ్ మీట నొక్కడం లాంటి తేడాలు వేళ్లకు త్వరగానే పట్టుబడతాయి.

కొనేటప్పుడు 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నవి చూడండి. విండోస్ ఎస్ మోడ్‌లో ఉంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని యాప్‌లే ఎక్కుతాయి. ఆ మోడ్ నుంచి ఉచితంగా బయటికి రావచ్చు, కానీ మళ్లీ వెనక్కి వెళ్లలేరు. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ అయితే, మీ ప్రింటర్‌కీ కాలేజీ సాఫ్ట్‌వేర్‌కీ సరిపోతుందో లేదో ముందే కనుక్కోండి.

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసే ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు అన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ అయినవి ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూశాకే ఇన్‌స్టాల్ మొదలుపెట్టమని మీ తమ్ముడు గారికి చెప్పండి. కొత్త ల్యాప్‌టాప్‌లో రెండు సిస్టమ్‌లూ పక్కపక్కన వేసే ప్రయోగం ఇప్పుడే వద్దు. విండోస్ 11లో డిస్క్ చాలాసార్లు ఎన్‌క్రిప్ట్ అయి (తాళం వేసినట్టు) ఉంటుంది, దాన్ని తెరిచే బిట్‌లాకర్ రికవరీ కీ దగ్గర లేకుండా బూట్ సెట్టింగులు మారిస్తే మన ఫైళ్లే మనకు తెరుచుకోవు.

రెజ్యూమే సంగతికొస్తే, ‘విండోస్ తెలుసు’, ‘మ్యాక్ తెలుసు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. చేసిన పని రాయమనండి. ఉదాహరణకు, ‘పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఇన్‌స్టాల్ చేసి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టి, అందులోని అమ్మకాల వివరాలతో విండోస్‌లో పవర్ బీఐ రిపోర్ట్ తయారు చేశాను’. డిగ్రీ రెండో ఏడాది అయ్యేలోగా ఇది చేయదగ్గ పనే. కాకపోతే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మౌస్ అమ్మాయి చేతిలోనే ఉండాలి, మేనమామ పక్కన కూర్చుని అడిగినప్పుడు చెబితే చాలు. ఇంటర్వ్యూలో ఎక్కడ ఇబ్బంది వచ్చిందని అడుగుతారు, తన చేతులతో చేసి ఉంటేనే దానికి జవాబు చెప్పగలుగుతుంది.