రోజూ కనిపించే మనిషి మీద ఇష్టం ఎందుకు పుడుతుంది? దాన్ని నమ్మొచ్చా?

మొదట్లో ఏమీ అనిపించని మనిషి రోజూ ఎదురుపడుతుంటే కొన్నాళ్లకు నచ్చడం మొదలవుతుంది. ఇందులో మాయేమీ లేదు. పదేపదే చూసిన ముఖాన్ని పోల్చుకోవడానికి మెదడు పెద్దగా కష్టపడక్కర్లేదు. ఆ తేలికనే మనం ఇష్టం అనుకుంటాం. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో దీన్ని ప్రయోగాలతో చూపించాడు. 1992లో మోర్లాండ్, బీచ్ అనే పరిశోధకులు దాన్ని క్లాసుగదిలోకి తెచ్చారు. చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉన్న నలుగురు యువతుల్లో ఒకరు అసలు రాలేదు. మిగతా ముగ్గురు 5, 10, 15 సార్లు వచ్చి కూర్చున్నారు, ఎవరితోనూ మాట్లాడలేదు. అయినా చివర్లో ఫొటోలు చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చినవాళ్లే విద్యార్థులకు ఎక్కువ నచ్చారు.

అయితే ఒక మెలిక ఉంది. మొదటి పరిచయంలోనే చిరాకు తెప్పించిన మనిషి మళ్లీమళ్లీ కనిపిస్తే ముదిరేది చిరాకే. కాదన్నవాళ్ల వెంట తిరిగితే మనసు మారుతుందన్నది ఒట్టి భ్రమ (వేధింపు కూడా).

గుండెదడతో పుట్టే ఆకర్షణ సంగతి వేరు. 1974లో డటన్, ఆరన్ అనే పరిశోధకులు కెనడాలోని కాపిలానో వేలాడే వంతెన మీద చేసిన ప్రయోగంలో, వంతెన దాటే మగవాళ్లను ఒక యువతి పలకరించి తన ఫోన్ నంబరు ఇచ్చింది. ఆ నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది తర్వాత ఫోన్ చేశారు. ఊగని వంతెన దగ్గర 16 మందిలో ఇద్దరే. భయంతో కొట్టుకున్న గుండెను ఆకర్షణ అనుకున్నారన్నమాట. శాంపిల్ చిన్నదే లెండి. అయినా ప్రయాణంలోనో, పరీక్షల హడావిడిలోనో మొదలైన ఇష్టాన్ని మామూలు రోజుల్లో, తీరిగ్గా రెండు మూడుసార్లు మాట్లాడాకే తూచుకోండి.