షియర్ బోల్టు ఊరికే తెగదు

ప్రశ్న: గడ్డిని నొక్కి కట్టలు కట్టే పాత స్క్వేర్ బేలర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. వరిగడ్డి కట్టేటప్పుడు, లోపల ముందుకీ వెనక్కీ కదులుతూ గడ్డిని నొక్కే ప్లంజర్ దడదడా కొట్టుకుంటోంది, మాటిమాటికీ షియర్ బోల్టు తెగుతోంది. ప్లంజర్ జారే పలకలు బాగా అరిగాయి, కంపెనీ పార్టు దొరకట్లేదు. గట్టి బోల్టు బిగిస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. బిగించమంటారా?
– ఒక రైతు, మిర్యాలగూడ ప్రాంతం

జవాబు: వద్దండీ, దయచేసి ఆ పని చేయకండి. షియర్ బోల్టు పెట్టిందే తెగడానికి. అది తెగకపోతే ఆ దెబ్బ తాడు అందించే సూదుల మీదో గేర్‌బాక్స్ మీదో పడుతుంది. మాన్యువల్లో చెప్పిన గ్రేడు, సైజు బోల్టే వేయండి.

అసలు రోగం పలకల్లో ఉంది. అవి అరిగితే ప్లంజర్ కిందికి దిగి ఊగుతుంది, దాని కత్తికీ కట్ట తయారయ్యే గదికి బిగించిన కత్తికీ మధ్య సందు పెరుగుతుంది, గడ్డి తెగకుండా ఆ సందులో నలిగి ఇరుక్కుంటుంది, ఆ లోడంతా బోల్టు మీదికొస్తుంది. పైగా వరిగడ్డిలో సిలికా ఎక్కువ, కత్తుల పదును తొందరగా పోతుంది. కట్ట పక్కన చూడండి, గడ్డి నున్నగా తెగకుండా పీచులు పీచులుగా వేలాడుతుంటే ఇదే కారణం.

పలకలకు కంపెనీ పార్టే కావాలనేం లేదు. పాత బేలర్లలో కొన్నింటికి గట్టి కర్ర పలకలే వచ్చేవి. బాగా ఎండిన తుమ్మకర్ర తీసుకుని, చార (కర్రలోని గీతలు) ప్లంజర్ నడిచే దిక్కుకే ఉండేలా కోయించి, కొన్నాళ్లు ఇంజిన్ ఆయిల్లో నానబెట్టండి. బోల్టు తలలు కర్రలోకి పూర్తిగా దిగాలి, పైకి తేలితే ఇనుమును గీకేస్తాయి. లేత్ షాపులో నైలాన్ పలకలు కూడా చేసిస్తారు కానీ నైలాన్ తేమకు ఉబ్బుతుంది, నాకైతే తుమ్మ మీదే నమ్మకం. ఎత్తు చాలకపోతే కింద రేకు ముక్కలు పెట్టి సర్దుకోండి.

తర్వాత కత్తుల సందు చూడాలి. చాలా బేలర్లకు 0.8 మి.మీ. లోపే ఉండాలి, మీ మాన్యువల్లో ఎంతుందో అంతే పెట్టండి. సందు కొలిచే ఫీలర్ గేజ్ లేకపోతే హ్యాక్సా బ్లేడు చాలు, దాని మందం సుమారు 0.65 మి.మీ. పళ్లు కాస్త పక్కకి వంగి ఉంటాయి కాబట్టి వీపు వైపు నుంచి దూర్చి, పైనా మధ్యలో కిందా మూడుచోట్లా చూడండి.

ముడి వేసే కొక్కెం జోలికి మాత్రం వెల్డింగుతో పోకండి. తుప్పుంటే సన్న ఎమరీ పేపరుతో రుద్దండి, గరుకుంటే ముడి కొక్కెం మీంచి జారి బయటికి రాదు. అరిగిందంటే మార్చాల్సిందే.

ఈ పనంతా ట్రాక్టరు నుంచి బేలర్‌ని తిప్పే పీటీవో షాఫ్టు ఊడదీసి, ఫ్లైవీల్ (బరువైన చక్రం) కదలకుండా అడ్డం పెట్టాకే చేయండి. బిగించడం అయ్యాక అడ్డం తీసి ఫ్లైవీల్‌ని అది తిరిగే దిక్కుకే చేత్తో మెల్లగా తిప్పండి, సూదులు పైకొచ్చి వెనక్కి వెళ్లేదాకా ఎక్కడా తగలకపోతేనే షాఫ్టు తగిలించండి.