ఎలుకల మీద చూడని టీకాను నమ్మొచ్చా?

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల బాబును వీధికుక్క కరిచింది. రేబిస్ టీకా వేయిస్తున్నాం. ఆ టీకా ప్రతి బ్యాచ్‌కీ ఎలుకలను చంపి పరీక్షిస్తారని, ఇప్పుడు ఎలుకలు లేని పద్ధతులు వస్తున్నాయని ఇంటర్ చదివే మా అమ్మాయి అంటోంది. ప్రాణి మీద చూడకుండా వదిలిన టీకాను నమ్మొచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు బాబు సంగతి చూద్దాం. మిగిలిన డోసులు చెప్పిన తేదీలకే వేయించండి అమ్మా. ఒక్కటి కూడా తప్పొద్దు.

మీ అమ్మాయి చెప్పింది నిజమే. హైదరాబాద్‌లో ఒక టీకాల ల్యాబ్‌లో 22 ఏళ్లు పనిచేశాను. అందులో పదకొండేళ్లు రేబిస్ టీకా బలం తేల్చడమే నా పని. టీకాను పలచన చేసి కొద్ది తేడాలతో ఎలుకల గుంపులకు పొట్టలోకి ఎక్కిస్తాం. వారం తర్వాత ఇంకోసారి. 14వ రోజు మత్తిచ్చి, బతికున్న రేబిస్ వైరస్‌ను 0.03 మిల్లీలీటర్లు నేరుగా మెదడులోకి ఎక్కిస్తాం. ఆపైన ఇంకో 14 రోజులు పొద్దున్నే వెళ్లి లెక్క రాసుకోవాలి. ఒక్క పరీక్షకు వందకు పైనే ఎలుకలు.

ఆరో రోజుకో ఏడో రోజుకో టీకా తక్కువ అందిన వాటి బొచ్చు రేగేది. నడుం గూనిలా వంగేది. పంజరం మూత ఎత్తగానే వణికిపోయేవి. మర్నాటికి వెనక కాళ్లు ఈడ్చుకుంటూ తిరిగేవి. ఆ వరసలో గుర్తు పెట్టి రిజిస్టర్ మూసేటప్పుడు నాకు ఎన్నడూ మనసు ఒప్పలేదు.

పోనీ, ఇంత చేస్తే లెక్క కచ్చితంగా తేలుతుందా అంటే అదీ లేదు. డోసుకు కనీసం 2.5 అంతర్జాతీయ యూనిట్లు ఉండాలి. పరీక్షలో 4 వచ్చిందనుకోండి, అసలు బలం 1కీ 16కీ మధ్య ఎక్కడున్నా ఆ పరీక్ష చెల్లుతుంది. నిబంధనలే అంత వెసులుబాటు ఇచ్చాయి. ఒక ఏడాది పోల్చిచూసే ప్రామాణిక టీకా గుంపే తేడాగా ప్రవర్తించి, ఒకే బ్యాచ్‌కు మూడుసార్లు పరీక్ష చేయాల్సి వచ్చింది. మూడు నెలలు ఆ సరుకు కోల్డ్ రూంలోనే ఉండిపోయింది. పైగా కుక్క కరిస్తే వైరస్ కండలోంచి వస్తుంది, మనమేమో మెదడులోకి ఎక్కిస్తాం!

కొత్త పద్ధతి ఎలైసా. రేబిస్ వైరస్ ఒంటినిండా ముళ్లలా ఒక ప్రొటీన్ ఉంటుంది. దాని ఆకారం చెదరకుండా ఉంటేనే మన ఒంట్లో సరైన రక్షణ తయారవుతుంది. ఆ ఆకారాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీని ప్లేట్ గుంటల్లో పూసి, టీకా పోస్తాం. మంచి ప్రొటీన్ ఎంతుంటే రంగు అంత చిక్కబడుతుంది. ఒకట్రెండు రోజుల్లో తేలిపోతుంది.

దీన్నెలా నమ్మామో చెబుతాను. టీకాను కావాలనే వేడిచేసి పాడుచేసి పరీక్షించాం. మొదట వాడిన యాంటీబాడీ పాడైన టీకాకీ మంచిదానికీ ఒకే రంగు చూపించింది. దాన్ని పక్కన పడేశాం. రెండోదానితో పాడైన టీకా పోసిన గుంటలు వెలిసిపోయి కనిపించాయి. ఆరోజు మా టెక్నీషియన్ ప్లేటును కిటికీ వెలుతురులో పెట్టి అందరినీ పిలిచి చూపించాడు.

అయితే ఇది రేపటికి రేపు అయ్యే పని కాదు. కంపెనీకో వైరస్ స్ట్రెయిన్, అంటే వైరస్‌లో ఒక్కో రకం, ఉంటుంది. యాంటీబాడీ దానికి అతుకుతుందో లేదో ఎవరికి వారే రుజువు చేసుకోవాలి. అధికారులూ ఒప్పుకోవాలి. కసౌలీలోని ప్రభుత్వ టీకా పరీక్షా కేంద్రం, సెంట్రల్ డ్రగ్స్ లేబొరేటరీ దగ్గర కూడా బ్యాచ్ గట్టెక్కాలి కాబట్టి, రెండు చోట్లా మారితేనే ఎలుకలు నిజంగా తగ్గుతాయి. మిగతా పరీక్షల్లో మార్పు ముందే మొదలైంది. గినీపిగ్‌లకు టీకా వేసి వారం రోజులు చూసే పాత పరీక్షను యూరప్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) 2019 జనవరి 1 నుంచి పూర్తిగా తీసేసింది. మందులో జ్వరం తెచ్చే మలినాలున్నాయేమో అని కుందేళ్లకు చెవి నరంలో ఎక్కించి చూసే పనిని ఇప్పుడు మనిషి రక్తకణాలతో చేయొచ్చు.

మా చిన్నప్పుడు రేబిస్ టీకాను గొర్రె మెదడుతో చేసేవారు. బొడ్డు చుట్టూ 14 సూదులు. కణాల్లో పెంచిన టీకా వచ్చినప్పుడు కూడా మీలాగే అడిగారు, నమ్మొచ్చా అని. ఇప్పుడు బాబుకు వేస్తున్నది ఆ రకమే.

కాబట్టి నమ్మొచ్చు అమ్మా. ఒక్కటి మాత్రం మీ చేతిలో ఉంది. ఫ్యాక్టరీలో నెగ్గిన టీకా కూడా ఎండలో మగ్గితే చెడుతుంది, దాన్ని అక్కడి ఎలుకా పట్టలేదు, ఎలైసా ప్లేటూ పట్టలేదు. తర్వాతి డోసుకు వెళ్లినప్పుడు వయల్‌ను మీ కళ్లముందే ఫ్రిజ్‌లోంచి తీయమని నర్సమ్మను అడగండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బ్యాచ్ నంబరు చీటీ మీద రాయించుకోండి.