అక్క ఇంటి హాలు మీ ఇంట్లో ఎందుకు?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విశాఖపట్నంలో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఇద్దరు పిల్లలు. మావారిది కంపెనీ ఉద్యోగం. ఇన్నేళ్ల అద్దె ఇళ్ల తర్వాత కొమ్మాదిలో ఫ్లాట్ కొనుక్కున్నాం. మాఘమాసంలో గృహప్రవేశం. హాలు పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. సీతమ్మధారలో మా అక్క వాళ్లింట్లో ఉన్నట్టు ఎల్ ఆకారం సోఫా, గోడ నిండా టీవీ యూనిట్, ఫాల్స్ సీలింగ్ పెట్టించాలని నా కోరిక. అక్కే ఇంటీరియర్ వాళ్లను మాట్లాడి కొటేషన్ తెప్పించింది. మా దగ్గర లక్షన్నర ఉంది. మిగతా మూడు లక్షలు బావగారు చేబదులు ఇస్తానన్నారు. మావారు ఔననరు, కాదనరు. మామగారు షిప్‌యార్డులో పనిచేసే రోజుల్లో చేయించుకున్న టేకు కుర్చీ, ఒక బల్ల ఉన్నాయి. హుద్‌హుద్ తుపానుకు కిటికీ పగిలి ఇల్లంతా నీళ్లయినప్పుడు సోఫా, టీవీ స్టాండు పోయాయి కానీ ఇవి పోలేదు. వాటిని కొత్త హాల్లోనే పెట్టాలని అత్తగారి పట్టు. మామగారికి మోకాలి ఆపరేషన్ అయింది, వాకర్‌తో నడుస్తారు. మా అమ్మానాన్నలు విజయనగరం నుంచి ఆస్పత్రి పని మీద వచ్చినా అక్క దగ్గరే దిగుతారు, మా ఇంట్లో ఒక పూట మించి ఉండరు. అక్క గృహప్రవేశం రోజున నేను అమ్మను మా ఇంటికి రమ్మంటే, ‘మీ ఇంట్లో కూర్చోవడానికి చోటెక్కడుందే’ అంది అక్క నవ్వుతూ, అందరి ముందూ. అత్తగారిని ఎలా ఒప్పించాలి? సోఫాకు తెలుపు బాగుంటుందా, బూడిద రంగా?

జవాబు: తెలుపు వద్దు, బూడిద రంగు తీసుకోండి. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఇంతకు మించి ఆలోచన అక్కర్లేదు. ఇక అత్తగారిని ఒప్పించడం ఎలా అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పను, ఎందుకంటే ఆవిడను ఒప్పించాల్సిన పనే కనిపించడం లేదు. కొడుకూ కోడలూ కొన్న ఇంట్లో భర్త కుర్చీకి కాస్త చోటు అడిగారు. దాన్ని మీరు పట్టు అంటున్నారు.

మీ ఉత్తరంలో అత్తగారి ప్రస్తావన రెండు చోట్లే ఉంది. అక్క మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఉన్నారు. సోఫా అక్కది, సీలింగ్ అక్కది, కొటేషన్ అక్కది, డబ్బు బావగారిది. ఇక మీ ఇంట్లో మీదేమిటమ్మా? నవ్వుతూ అన్న ఆ మాటకు ఆ రోజు మీరు అక్కడే జవాబు చెప్పలేకపోయారు. ఆ జవాబు ఇప్పుడు మూడు లక్షల రూపాయల ప్లైవుడ్‌తో, జిప్సంతో చెప్పాలని చూస్తున్నారు. అదీ ఆవిడ భర్త ఇచ్చే డబ్బుతో!

ఆ చేబదులు తీసుకోకండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. బ్యాంకు అప్పుకు వడ్డీ ఉంటుంది, గడువు ఉంటుంది, తీరాక కాగితం చేతికిస్తారు. తోబుట్టువుల చేబదులుకు ఇవేవీ ఉండవు, కానీ ప్రతి పండగకూ గుర్తుకొస్తుంది. మీరు ఒక పట్టుచీర కొనుక్కున్నా ‘మా బాకీ సంగతేమిటో’ అన్న చూపు ఒకటి మీ మీద పడుతుంది. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరికే అనలేదు. అక్క ఆ రోజు అన్న మాట మళ్లీ అనాల్సిన అవసరం కూడా ఉండదు, ఆ సోఫాలో మీరు కూర్చున్నప్పుడల్లా మీకే వినిపిస్తుంది.

మీవారు ఔననరు, కాదనరు అని విసుక్కున్నారు. ఆయన కాదనే అంటున్నారు. తోడల్లుడి దగ్గర చెయ్యి చాచడం ఏ మగవాడికి ఇష్టం ఉంటుంది? మీ పుట్టింటి వాళ్ల విషయంలో నోరు మెదిపితే మీరు బాధపడతారని ఊరుకున్నారు. ఆ మర్యాదను చేతకానితనం కింద జమకట్టకండి.

ఇప్పుడు అసలు నొప్పి దగ్గరికి వస్తాను. అమ్మ మీ ఇంట్లో ఉండటం లేదు. హాలు బాగాలేకనే ఉండటం లేదని మీరు నమ్మేశారు, అక్క మాట ఆ నమ్మకానికి ముద్ర వేసింది. ఒక్కటి చెప్పండి, మీ అక్క ఇంట్లో అత్తమామలు ఉన్నారా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు కాబట్టి ఉండరనే అనుకుంటున్నాను. కూతురి ఇల్లే అయినా, వియ్యపురాలు ఉన్న ఇంట్లో నాలుగు రోజులు కాళ్లు చాపుకుని ఉండటానికి మన ఆడవాళ్లకు ప్రాణం ఒప్పదు. పొద్దున్నే ముందు ఎవరు లేవాలి, వంటింట్లోకి వెళ్లాలా వద్దా, కాఫీ అడిగితే ఏమనుకుంటారో, అన్నీ మొహమాటాలే. మీరు హాల్లో బంగారు పీటలు వేయించినా అమ్మ సాయంత్రం బస్సుకు బయల్దేరతారు.

ఆ మొహమాటం తీర్చగలిగేది మీ అత్తగారు ఒక్కరే. ‘వదినగారూ, గృహప్రవేశానికి ముందే వచ్చి వారం రోజులు ఉండి వెళ్లండి’ అని ఆవిడ స్వయంగా ఫోన్ చేసి పిలవాలి. వీలైతే మీవారితో విజయనగరం వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. ఆ సాయం అడగాల్సిన మనిషితో మీరు ఒక కుర్చీ కోసం తగువుకు దిగుతున్నారు!

ఆ కుర్చీ ఎలాంటిదో మీరు రాయలేదు. ఆ రోజుల్లో చేయించినవి చాలావరకు పేము అల్లికతో, రెండు పక్కలా చేతులతో, సీటు నేల నుంచి అడుగున్నర ఎత్తులో ఉండేవి. మోకాలి ఆపరేషన్ అయిన మనిషికి కావలసింది అదే. చేతుల మీద బరువు మోపి లేస్తారు. ఇప్పుడొచ్చే మెత్తటి సోఫాలు చాలావరకు అంతకన్నా పొట్టి, పైగా కూర్చోగానే దిగిపోతాయి. మామగారు అందులో కూర్చుంటే లేవదీయడానికి ఇద్దరు కావాలి. ఇంకొక లెక్క చూడండి. ఎల్ సోఫాలో పొట్టి పక్క గోడ నుంచి ఆరున్నర అడుగుల దాకా ముందుకొస్తుంది, ఎదుటి గోడకు టీవీ యూనిట్ ఒకటిన్నర అడుగు తింటుంది. మీ పదడుగుల వెడల్పులో మిగిలేది రెండడుగుల సందు. వాకర్ హాయిగా సాగాలంటే మూడడుగులు కావాలి. ఆ కొటేషన్ రాసినవాళ్లు మామగారిని ఎక్కడ నడవమన్నారో అడిగారా?

కుర్చీ హాల్లోనే ఉండాలి, అదీ గుమ్మం కనిపించే చోట. కుర్చీని బాల్కనీలోకి పంపితే దాని వెనకే మనిషీ బాల్కనీలోకి వెళ్తారు. పేము వదులైతే అల్లించండి, చెక్కకు పాలిష్ పట్టించండి. బల్ల సంగతి వేరు. దానికి హాల్లో చోటు చాలకపోతే బాల్కనీలో వేయండి, సాయంత్రం గాలికి అందరూ కూర్చుంటారు. ఆ మాట మీరు కాకుండా మీవారు వాళ్లమ్మకు చెబితే సరిపోతుంది.

ముగ్గురు కూర్చునే సోఫా ఒకటి, విడి కుర్చీలు రెండు చాలు. ఫాల్స్ సీలింగ్ నాకు నచ్చదు. మన ఉక్కపోతలో గది ఎత్తు తగ్గించుకోవడం దేనికి? పై ఫ్లాట్ బాత్‌రూమ్ కారితే జిప్సం మీద మరకలు మీరే చూసుకుంటూ కూర్చోవాలి. రుషికొండ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి టీవీ యూనిట్‌లోని చవక ఇనుప బందులు తుప్పు పడతాయి, చెక్కపొట్టుతో చేసిన పలక తడి తగిలితే ఉబ్బుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కు మీ ఇంట్లో ఏది పోయిందో, ఏది మిగిలిందో మీరే రాశారు. టీవీకి చిన్న చెక్క బల్ల చేయించి, పక్కన నాలుగు ఏటికొప్పాక లక్కబొమ్మలు పెట్టుకోండి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం పక్క జిల్లాలోనే ఉండగా షోకేసు సామాను ఎక్కడినుంచో తెప్పించడం ఎందుకు? ఇదంతా మీ లక్షన్నరలో అయ్యేదే.

అక్కతో మాట్లాడటం మాత్రం తప్పదు. ఫోన్లో వద్దు, అమ్మ ముందు అసలే వద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు ‘అక్కా, ఆ రోజు నలుగురిలో నువ్వన్న మాట నాకు గుచ్చుకుంది’ అని చెప్పండి. ఆవిడ నవ్వేయవచ్చు, ‘సరదాకి అన్నానే’ అనవచ్చు. అనుకోనివ్వండి. బావగారికి మాత్రం మీవారే చెప్పాలి. ‘మీరు ఇస్తానన్నారు, అదే చాలు. మాకు సర్దుబాటయింది’ అంటే మర్యాదగా ఉంటుంది.

ఇంటీరియర్ వాళ్లకు అడ్వాన్సు ఇచ్చినట్టు మీరు రాయలేదు. ఇవ్వకపోతే ఇక ఇవ్వకండి. ఇచ్చి ఉంటే, అది వెనక్కి రాకపోయినా పని ఆపించండి. ఆదివారం మామగారిని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లండి. ఆయన కూర్చుని, ఎవరి సాయం లేకుండా లేవగలిగిన సోఫానే కొనండి.